మొటిమలకు ఏది వాడాలి? వంటింటి చిట్కా, మెడికల్ షాపు జెల్, డాక్టర్ రాసే మందు పక్కపక్కన పెట్టి చూస్తే

నల్గొండ గడియారం సెంటర్‌లో గానీ, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో గానీ మెడికల్ షాపు ముందు నిలబడి "అన్నా, పింపుల్స్‌కు ఏదన్నా ఇయ్యి" అంటే అర నిమిషంలో ఒక ట్యూబు చేతిలో పడుతుంది. ఎలాంటి మొటిమలు, ఎన్నాళ్ళుగా ఉన్నాయి, ఇంతకుముందు ఏం రాశారు అని అడిగేవాళ్ళు తక్కువ. ఇంటికొస్తే అమ్మ పసుపు రాయమంటుంది, పక్కింటి అక్క ముల్తానీ మట్టి అంటుంది, ఫోన్ తెరిస్తే రకరకాల సీరమ్‌లు. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో, ఎవరు దేని జోలికి పోకూడదో ఇక్కడ చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్తాను. రెండు మూడు రోజుల్లో ముఖం తేటగా చేసే క్రీమ్ ఏదైనా ఉంటే, ముందుగా అనుమానించాల్సింది దాన్నే. మొటిమలకు సరైన మందేదైనా కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు అడుగుతుంది.

## మొటిమ ఎట్లా పుడుతుంది

ముఖం మీద ఉన్న రోమకూపాలకు చిన్న చిన్న నూనె గ్రంథులు అతుక్కుని ఉంటాయి. ఈడు వచ్చే సమయానికి ఆండ్రోజన్ అనే మగ హార్మోన్లు పెరిగి ఈ గ్రంథులు ఎక్కువ నూనె వదులుతాయి. ఆడపిల్లల్లో కూడా ఈ హార్మోన్లు ఉంటాయి, కాకపోతే తక్కువ. అదే సమయంలో రోమకూపం లోపలి చర్మ కణాలు సరిగ్గా రాలిపోక, ఒకదానికొకటి అంటుకుని దారి మూసేస్తాయి. లోపల నూనె నిలుస్తుంది. అందరి చర్మం మీదా మామూలుగా ఉండే క్యూటీబాక్టీరియం ఆక్నిస్ అనే బ్యాక్టీరియా అక్కడ బాగా పెరుగుతుంది. దానికి ఒళ్ళు ఎదురు తిరిగితే ఎరుపు, వాపు, చీము వస్తాయి. మొత్తం మీద కారణాలు నాలుగు: నూనె, మూత, బ్యాక్టీరియా, వాపు. ఏ మందైనా వీటిలో కనీసం ఒకదాని మీద పనిచేయాలి. అమ్మేవాళ్ళను "ఇది దేని మీద పనిచేస్తుంది" అని అడగండి. జవాబు రాకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ముక్కు మీద కనిపించే నల్ల చుక్కలు మురికి అనుకుని గరుకు స్క్రబ్బులతో రుద్దుతుంటారు. నోరు తెరుచుకుని ఉన్న రోమకూపంలోని పదార్థానికి గాలి తగిలి, అందులోని మెలనిన్ వల్ల వచ్చే రంగు అది. ఎంత రుద్దినా పోదు, చర్మం మాత్రం కందిపోతుంది.

మన దగ్గర వినిపించే కారణాల సంగతి కూడా చూద్దాం. "వేడి చేసింది బిడ్డా, సబ్జా నీళ్ళు తాగు" అని పెద్దలంటారు. ఎండాకాలంలో కొందరికి మొటిమలు ఎక్కువయ్యే మాట నిజమే. చెమట, బండి మీద గంటల తరబడి కట్టుకునే స్కార్ఫ్, హెల్మెట్ పట్టీ ఒరుసుకునే గదమ, ఇవన్నీ అందులో భాగం. సబ్జా తాగితే దాహం తీరుతుంది, మూసుకున్న రోమకూపం తెరుచుకోదు. మిర్చి బజ్జీల నూనె నేరుగా ముఖంలోకి రాదు. త్వరగా రక్తంలో చక్కెర పెంచే తిండి, కూల్ డ్రింకులు, కొందరికి పాలు, జిమ్ కుర్రాళ్ళు తాగే వే ప్రొటీన్ పొడి, వీటికి మొటిమలతో కొంత సంబంధం కనిపించింది. అయితే తిండి మార్చుకోవడం మందుకు తోడుగా పనికొస్తుందే గానీ మందు బదులు పనికిరాదు.

మర్రిగూడ, మునుగోడు వైపు ఇంకో ప్రశ్న వస్తుంది: "మా నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉంది కదా, దానివల్లనా?" ఫ్లోరైడ్ దెబ్బతీసేది పళ్ళను, ఎముకలను. మొటిమల నేరం దాని మీద వేయక్కర్లేదు. బోరు నీళ్ళ ఇబ్బంది వేరే. ఉప్పు ఎక్కువున్న గట్టి నీళ్ళలో సబ్బు నురగ రాదు, పొరలా ముఖం మీద మిగిలిపోతుంది, చర్మం బిగుసుకుపోయి మండుతుంది. మొటిమల జెల్ వాడేవాళ్ళకు ఆ మంట రెట్టింపు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తుంటే ముఖానికి అవి వాడుకోండి. సబ్బు బదులు సోప్ లేని క్లెన్సర్ వాడినా సరే.

ఇంకా కొన్ని ఉన్నాయి. నుదుటి మీదే చిన్న చిన్న గుల్లలు వరసగా వస్తుంటే తలకు పట్టించే కొబ్బరినూనెను అనుమానించాలి. కొన్ని మందుల వల్ల కూడా వస్తాయి: స్టెరాయిడ్లు, టీబీకి ఇచ్చే ఐసోనియజిడ్, కొన్ని ఫిట్స్ మాత్రలు. అలాగని టీబీ మందు, ఫిట్స్ మందు సొంతంగా ఆపారంటే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్‌కు చెప్పండి, అంతే.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, రకం. నల్ల చుక్కలు, తెల్ల గుల్లలే ఉన్నాయా? ఎర్రగా ఉబ్బి చీము పట్టినవా? చర్మం లోతులో గట్టి గడ్డల్లా ఉండి నొప్పి పెడుతున్నాయా? గడ్డలున్నవాళ్ళకు షాపు జెల్ సరిపోదు, మచ్చలు గుంటలు పడకముందే డాక్టర్ దగ్గరికి పోవాలి.

రెండోది, చోటు, సమయం. గదమ, దవడ చుట్టూ వచ్చి, నెలసరి ముందు ఎక్కువవుతుంటే హార్మోన్ల వైపు చూడాలి. నుదురు, ఛాతీ, వీపు మీద ఒకే సైజు గుల్లలు వచ్చి బాగా దురద పెడుతుంటే అది ఫంగస్ కావచ్చు. దానికి మొటిమల యాంటీబయాటిక్ ఇస్తే ఇంకా పెరుగుతుంది.

మూడోది ఎండ. పత్తి ఏరే మనిషికీ, ఏసీ రూములో కూర్చునే మనిషికీ ఒకే మందు కుదరదు. నాలుగోది గర్భం: ఇప్పుడు ఉందా, వచ్చే నెలల్లో అవకాశం ఉందా. ఇది మొహమాటపడే విషయం కాదు, కొన్ని మందులను ఈ ఒక్క ప్రశ్నే కొట్టేస్తుంది. చివరిది మీ ఓపిక, మీ ఖర్చు. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో ప్రతి నెలా హైదరాబాద్ పోయి రావడం ఎంతమందికి అవుతుంది?

| ఏది | దేని మీద పనిచేస్తుంది | ఎవరికి | జాగ్రత్త |
|---|---|---|---|
| పసుపు, ముల్తానీ మట్టి | పైపై నూనె, కొద్దిగా వాపు | ఒకటీ రెండూ వచ్చేవాళ్ళకు | నిమ్మరసం, టూత్‌పేస్ట్ వద్దు |
| సాలిసిలిక్ యాసిడ్ 0.5–2% | మూత | నల్ల చుక్కలు, జిడ్డు చర్మం | పొడి చర్మానికి మంట |
| బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5–5% | బ్యాక్టీరియా, కొంత మూత | ఎర్ర మొటిమలు | బట్టల రంగు పోతుంది |
| అడాపలీన్ 0.1% | మూత, వాపు | దాదాపు అన్ని రకాలు | గర్భంలో వద్దు, మొదట్లో పొట్టు |
| క్లిండమైసిన్ 1% జెల్ | బ్యాక్టీరియా, వాపు | చీము మొటిమలు | ఒంటరిగా వాడకూడదు |
| అజిలాయిక్ యాసిడ్ 10–20% | మూత, బ్యాక్టీరియా, నల్ల మచ్చలు | గర్భిణులు, మచ్చలు పడేవాళ్ళు | నెమ్మది, కొంచెం చురచుర |
| డాక్సీసైక్లిన్ మాత్ర | వాపు, బ్యాక్టీరియా | ఎక్కువగా ఎర్రబడినవి | ఎండ, గర్భం |
| ఐసోట్రెటినోయిన్ మాత్ర | నాలుగింటి మీదా | గడ్డలు, మచ్చలు పడేవి | గర్భంలో అస్సలు వద్దు, రక్త పరీక్షలు |

## వంటింట్లోవి

పసుపు, శనగపిండి, ముల్తానీ మట్టి వల్ల పెద్ద హాని లేదు, పెద్ద లాభమూ లేదు. కాసేపు జిడ్డు తగ్గుతుంది. ఒక్క నిమ్మకాయ విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. నకిరేకల్ నిమ్మ మార్కెట్ పక్కనే ఉన్న మనకు కాయలకు కొదవలేదు, కానీ అది ముఖానికి వద్దు. ఘాటైన ఆమ్లం కావడం ఒక సమస్య. రసం రాసుకుని ఎండలోకి పోతే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి, నెలల తరబడి నల్ల చారలు మిగలడం ఇంకో సమస్య. టూత్‌పేస్ట్, తడిపిన బేకింగ్ సోడా కూడా ఆ కోవలోవే.

## షాపులో దొరికే జెల్‌లు

సాలిసిలిక్ యాసిడ్ నూనెలో కరుగుతుంది కాబట్టి రోమకూపంలోకి దిగి మూతను కొద్దికొద్దిగా వదులు చేస్తుంది. నల్ల చుక్కలు, తెల్ల గుల్లలు మాత్రమే ఉన్న ఇంటర్ పిల్లలకు దీనితో మొదలుపెట్టడం తేలిక. ఎర్ర మొటిమలు ఎక్కువుంటే ఇది ఒక్కటే చాలదు.

బెంజాయిల్ పెరాక్సైడ్ నాకు బాగా నచ్చిన పాత మందు. బ్యాక్టీరియాను చంపుతుంది, యాంటీబయాటిక్‌లకు లాగా దీనికి అది అలవాటు పడదు. 10% కొంటే త్వరగా తగ్గుతుందనుకుంటారు. 2.5% కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. కాబట్టి చిన్న అంకె ఉన్నదే తీసుకోండి. దీనితో వచ్చే తంటా ఒకటుంది. రాత్రి రాసుకుని పడుకుంటే పొద్దున నీలం దిండు గలేబు మీద, చెంప ఆనిన చోట తెల్లటి మరక కనిపిస్తుంది. ఉతికినా పోదు, అది మరక కాదు, రంగే పోయింది. తెల్ల తువాలు, తెల్ల గలేబు పెట్టుకోండి. ట్యూబును బండి డిక్కీలో, ఎండ పడే కిటికీలో వదిలేయొద్దు, వేడికి మందు విడిపోతుంది.

అడాపలీన్ రెటినాయిడ్ల (విటమిన్ ఎ లాగా పనిచేసే మందుల) కుటుంబానికి చెందింది. మూత ఏర్పడకుండానే ఆపుతుంది కాబట్టి కొత్త మొటిమలు రాకుండా చూసే గట్టి మందు ఇదే. డాక్టర్ చీటీ మీదే తీసుకోవాలి. దీన్ని చాలామంది వారానికే పారేస్తారు, కారణం రాసుకునే తీరు. మొటిమ కనిపించిన చోటల్లా చుక్కలా పెట్టకూడదు. రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత జెల్ వేలి మీద తీసుకుని నుదురు, రెండు చెంపలు, ముక్కు, గదమ మీద చుక్కలు పెట్టి పల్చగా ముఖమంతా పరచాలి. కళ్ళ మూలలు, ముక్కు అంచులు, పెదవుల చివరలు వదిలేయాలి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. పైన మామూలు మాయిశ్చరైజర్. ఇంత చేసినా మొదటి నెలలో పొట్టు లేస్తుంది, కొందరికి మొటిమలు కాస్త ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది. అక్కడే టెన్షన్ పడి ఆపేస్తారు. మూడు నెలలు వాడాకే పనిచేసిందా లేదా అని తేల్చాలి. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ రెండూ కలిసిన జెల్ కూడా దొరుకుతుంది. ఒకదాన్ని ఇంకొకటి చెడగొట్టదు కాబట్టి మామూలు ఎర్ర మొటిమలకు నా ఓటు దానికే. ట్రెటినోయిన్ అయితే అట్లా బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి పూయకూడదు.

క్లిండమైసిన్ జెల్ త్వరగా వాపు తగ్గిస్తుంది, అందుకే షాపువాళ్ళు ముందు దాన్నే ఇస్తారు. ఒక్కదాన్నే నెలలకొద్దీ రాస్తే బ్యాక్టీరియా మొండిబారుతుంది. పక్కన బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండాల్సిందే.

## ముట్టకూడని ట్యూబు

ఇక అసలు సంగతికి వద్దాం. మన ఊళ్ళలో మొటిమల పేరుతో, తెల్లబడే పేరుతో చేతులు మారే క్రీముల్లో స్టెరాయిడ్ ఉన్నవి చాలా ఉన్నాయి. గజ్జి, తామర, దురద అంటూ ఇంట్లో ఎవరికో ఇచ్చిన ట్యూబే పిల్లల ముఖానికి ఎక్కుతుంది. మొదటి వారం అద్భుతం: ఎరుపు పోతుంది, ముఖం తెల్లగా మెరుస్తుంది, "ఏం రాస్తున్నవే, నాగ్గూడ చెప్పు" అని స్నేహితురాళ్ళు అడుగుతారు. ఆ ట్యూబు ఇంకో నలుగురి ఇళ్ళకు చేరేది అట్లాగే. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడి సన్నని ఎర్ర నరాలు తేలతాయి, ఆడపిల్లలకు చెంపల మీద నూగు పెరుగుతుంది, ఎండ తగిలితే మంట. ఆపితే అంతకుముందు లేనన్ని మొటిమలు ఒకేసారి వస్తాయి. దాంతో మళ్ళీ రాస్తారు. ఈ గుండ్రం నుంచి బయటపడటానికి నెలలు పడుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2018లో పూత స్టెరాయిడ్లు చాలావాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడగకుండానే ఇచ్చే షాపులు ఉన్నాయి కాబట్టి కాపలా మనమే కాయాలి. ట్యూబు ముందు వైపు పెద్దక్షరాల్లో ఉన్న పేరును వదిలేసి తిప్పి వెనుక చూడండి. చిన్నక్షరాల్లో మందుల అసలు పేర్లు ఉంటాయి. ఫోన్ కెమెరాతో పెద్దది చేసుకుంటే కనిపిస్తాయి. క్లోబెటాసాల్, బెటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్: వీటిలో ఏది కనిపించినా మొటిమలున్న ముఖానికి సొంతంగా రాయకండి. మొమెటాసోన్‌తో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ మూడూ కలిసి ఉంటే అది మంగు మచ్చల పేరుతో తిరిగే ట్యూబు. లేబుల్ లేకుండా డబ్బాలో పెట్టి ఇచ్చే క్రీమ్ అయితే లోపల ఏముందో తెలిసే దారే లేదు, తీసుకోకండి.

ఇప్పటికే వాడుతున్నవాళ్ళు మాత్రం ఈ పేరా చదివి ఇవాళే పారేయడం కంటే చర్మ డాక్టర్‌కు చూపించి ఆపడం మంచిది. ఒక్కసారిగా ఆపితే తిరగబెట్టే బాధను తగ్గించే మందులు ఉన్నాయి.

## మాత్రలు

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా మూడు నెలల లోపు ముగించే కోర్సు, పైన జెల్‌తో పాటే. నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని వెంటనే పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. పాలు, ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. దీన్ని వాడేవాళ్ళకు ఎండ త్వరగా కమిలిస్తుంది. ఎండాకాలం పొలం పని, ఉపాధి పని ఉన్నవాళ్ళు ఈ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. గర్భిణులు వాడకూడదు.

ఐసోట్రెటినోయిన్ అన్నిటికంటే బలమైనది. గ్రంథులనే చిన్నవి చేస్తుంది, చాలామందికి కోర్సు తర్వాత మళ్ళీ పెద్దగా రావు. బదులుగా పెదవులు పగులుతాయి, కళ్ళు పొడిబారతాయి, లివర్‌కూ కొవ్వుకూ రక్త పరీక్షలు చేయించాలి. కోర్సు నెలల తరబడి సాగుతుంది. ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయి. ఆపాక కూడా ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి, అప్పటిదాకా రక్తదానం కూడా చేయకూడదు. పెండ్లి కుదిరిన అమ్మాయికి "మంచి మందు" అని తెలిసినవాళ్ళ ద్వారా ఈ మాత్ర తెప్పించడం నాకు చాలా భయం కలిగించే విషయం. డాక్టర్ ముందు కూర్చుని పెండ్లి తేదీ చెప్పి తీసుకోవాల్సిన నిర్ణయం ఇది. డాక్సీసైక్లిన్‌తో కలిపి దీన్ని వాడకూడదు.

## ఎవరికి ఏది

పదో తరగతి, ఇంటర్ పిల్లలు, నల్ల చుక్కలతో పాటు కొద్దిగా ఎర్రవి: బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5%తో మొదలుపెట్టి, మూడు నెలల్లో సగానికి పైగా తగ్గకపోతే చీటీ రాయించుకుని అడాపలీన్ కలిసినదానికి మారండి. "పెండ్లయితే అవే పోతయి తియ్" అనే మాటకు ఆగిపోవద్దు, గుంట మచ్చలు పెండ్లికి పోవు.

పెండ్లి రెండు నెలల్లో ఉన్నవాళ్ళు: కొత్త ప్రయోగాలకు సమయం లేదు. పార్లర్‌లో పీల్, ఆవిరి పట్టి మొటిమలు పిండే ఫేషియల్ అస్సలు వద్దు. తేదీ దగ్గర పడ్డాక ఒకటే పెద్ద గడ్డ లేచిందా? చర్మ డాక్టర్ దానిలోకి చిన్న సూదితో మందు ఇస్తే కొద్ది రోజుల్లో అణుగుతుంది. స్టెరాయిడ్‌కు సరైన చోటు అక్కడ ఉంది, అదీ డాక్టర్ చేతిలో.

పాతికేళ్ళు దాటిన ఆడవాళ్ళు, దవడ చుట్టూ గడ్డలు, నెలసరి తప్పడం, పైపెదవి మీదో గదమ మీదో వెంట్రుకలు: పీసీఓడీ (హార్మోన్లు అదుపు తప్పే అండాశయ సమస్య) ఉందేమో ముందు చూపించుకోండి. ఉంటే పూతలు ఒక్కటే మార్చుకుంటూ పోవడం వృథా ఖర్చు. హార్మోన్ మాత్రలు అవసరమా కాదా అనేది పరీక్షల తర్వాత డాక్టర్ తేలుస్తారు.

గర్భిణులు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్ళు: అజిలాయిక్ యాసిడ్. నెమ్మదిగా పనిచేస్తుంది కానీ నిశ్చింత. మన చామనఛాయ చర్మానికి మొటిమ కంటే అది పోయాక మిగిలే నల్ల మచ్చే ఎక్కువ బాధ పెడుతుంది, దాని మీద కూడా ఇది పనిచేస్తుంది.

ఎండలో పనిచేసేవాళ్ళు: రాత్రిపూట బెంజాయిల్ పెరాక్సైడ్ లేదా అడాపలీన్, పగలు ముఖానికి పల్చటి నూలు బట్ట. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ కొనగలిగితే సంతోషం.

డాక్టర్ దగ్గరికి అంటే హైదరాబాదే పోనక్కర్లేదు. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, వాటి ఆసుపత్రుల్లో చర్మ వ్యాధుల ఓపీ చూసుకోవచ్చు. భువనగిరి వైపు వాళ్ళకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. లైనులో సగం రోజు పోతుంది, అది నిజం. ప్రైవేటులో సమయం మిగులుతుంది, ఫీజు పోతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ జ్వరానికి ఆదుకుంటాడేమో గానీ ముఖానికి సూది, క్రీమ్ అంటే వద్దనండి.

ఓపీకి వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్‌లో వేసుకుని పోండి. అవి పారేసి ఉంటే ఫోన్‌లో ఫోటోలు వెతకండి. అమ్మాయిలైతే గత మూడు నెలసరి తేదీలు, వేసుకుంటున్న మాత్రల పేర్లు కాగితం మీద రాసుకోండి. ఆ రోజు ముఖానికి పౌడర్ వేసుకోకుండా పోతే డాక్టర్‌కు మొటిమల రకం సరిగ్గా కనిపిస్తుంది.